చెప్పకూడని పాస్‌వర్డ్

ఆ గురువారం కుబాత్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదికి ఆఫీసు తెరవాలి. పదికల్లా దరఖాస్తు పంపేయాలి. ఆ తర్వాత తీరిగ్గా టీ తాగాలి.

కొండల మధ్య ఊరైన నరీన్‌లో ఉన్ని తివాచీలు కుట్టే ఆడవాళ్ల సంఘానికి అతను మేనేజరు. రాజధానిలో జరిగే ప్రదర్శనలో స్టాలు కావాలంటే, నలభై ఫోటోలతో దరఖాస్తు మధ్యాహ్నం పన్నెండులోగా చేరాలి. చేరకపోతే ఏడాదంతా కుట్టిన తివాచీలు గోదాములోనే ఉంటాయి.

తొమ్మిదీ ఇరవైకి వీధిలో గొయ్యి తవ్వుతున్న యంత్రం ఇంటర్నెట్ తీగను తెంపేసింది.

కుబాత్ ఫోన్లో డేటా అయిపోయింది. సంఘంలో అందరికన్నా పెద్దది బురుల్ ఎజె, అంటే బురుల్ అక్క. ఆమెది బటన్ల ఫోను. మిగిలింది ఐజమాల్. పెళ్లయి మూడు నెలలైంది, కొత్త ఫోను.

"హాట్‌స్పాట్ పెట్టమ్మా," అన్నాడు కుబాత్.

పెట్టింది. ఆఫీసులోని రెండు కంప్యూటర్లూ పాస్‌వర్డ్ అడిగాయి.

"చెప్పు."

ఐజమాల్ తల వంచుకుంది. "చెప్పకూడదు, బైకె." అన్నయ్యను అక్కడ అలాగే పిలుస్తారు.

"నేనేమన్నా నీ ఇంటర్నెట్ ఎత్తుకుపోతానా?"

"అది కాదు. అది... మా మామగారి పేరు. మా ఆయన పెట్టాడు. మనింట్లో ఎవరి మాటకి తిరుగులేదో వాళ్ల పేరే పెట్టానన్నాడు."

బురుల్ ఎజె సూది పక్కన పెట్టింది. "కోడలు మామగారి పేరెత్తడమా! నా పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లు. మా మామగారి పేరు ఇంతవరకూ నా నోట రాలేదు."

"ఆయన పోయి ఇరవై ఏళ్లయిందిగా, ఎజె?" అన్నాడు కుబాత్.

"పోతే? వినపడదనా?"

"పోనీ, టైపు చెయ్యమనండి."

"నోటితో అంటే గాలికి పోతుంది. టైపు చేస్తే తెర మీద నిలబడి చూస్తుంది. అదింకా ఘోరం."

కుబాత్ ఫోను తీసుకుని సెట్టింగులు వెతికాడు. పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట వరసగా నల్ల చుక్కలున్నాయి. ఐజమాల్ భర్త నుర్‌దిన్‌కి ఫోన్ చేద్దామంటే, అతను మంద వెంట కొండమీద ఉన్నాడు. అక్కడ సిగ్నలుండదు.

చివరికి ఆమె అత్తవారి ఊళ్లో కిరాణా కొట్టుకు ఫోన్ చేశాడు. ఒకావిడ ఎత్తింది.

"నుర్‌దిన్ వాళ్ల నాన్న పేరేమిటండీ? పన్నెండులోగా కావాలి."

"ఎవరు మీరు?"

"ఆయన కోడలు పనిచేసే ఆఫీసు నుంచి. ఒక దరఖాస్తు పంపాలి."

"నేను ఆయన తమ్ముడి కోడల్ని బాబూ. నేను చెప్పకూడదు. ఉండండి, మగవాళ్లెవరన్నా ఉన్నారేమో చూస్తా."

ఫోను బల్లమీద పెట్టిన చప్పుడైంది. తర్వాత అరుపు: "ఎవరక్కడ! మన ఐజమాల్ మామగారి మీద దరఖాస్తు పెడుతోందట!"

"కాదండీ! వినండీ!" అని కుబాత్ కేకలు పెట్టాడు. లైను తెగిపోయింది. మళ్లీ నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ బిజీ. ఊరంతటికీ కబురు ఆ ఫోను మీదే వెళ్తోంది.

పదకొండూ నలభైకి బయట పాత జీపు ఆగింది. తెల్ల ఉన్ని టోపీతో ఒక పెద్దాయన, వెనక ఇద్దరు గడ్డాల ముసలివాళ్లు దిగారు. జీపు వెనక తలుపు తెరిచి గొర్రెను కూడా దించారు.

"అమ్మా ఐజమాల్," అన్నాడు పెద్దాయన, "మావల్ల తప్పు జరిగితే ఇంట్లోనే చెప్పాల్సింది. కాగితాల దాకా ఎందుకు? ఇదిగో, రాజీకి గొర్రె. ఇంటికి పద."

ఐజమాల్ బావురుమంది. ముసలివాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంటే నిజమేనన్నమాట.

"తాతా, ముందు మీ పేరు చెప్పండి!" గడియారం చూస్తూ అరిచాడు కుబాత్.

పెద్దాయన ఛాతీ విరిచాడు. "రాసుకో. తెమిర్‌బెక్. నాకేం భయం లేదు."

"మా పేర్లు కూడా రాసుకో!" అన్నారు ముసలివాళ్లు.

కుబాత్ టైపు చేశాడు. తప్పు. మొదటి అక్షరం పెద్దది చేశాడు. తప్పు. పదకొండూ యాభైరెండు. కుర్చీలో కూలబడి, జరిగినదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

"దీనికోసమా కొండ దాటించావు?" అన్నాడు తెమిర్‌బెక్. "ఫోనిటివ్వు. చుక్కల పక్కన కన్ను బొమ్మ లేదూ? అది నొక్కాలి. రోజూ ఫోన్లో గుర్రాల పోటీలు చూసేవాణ్ణి, నాకా మాత్రం తెలీదా?"

నొక్కాడు. చుక్కలు అక్షరాలయ్యాయి. కళ్లజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"ఐ... జ... మాల్."

అందరి తలలూ ఐజమాల్ వైపు తిరిగాయి, గొర్రె మే అని అరిచింది. కుబాత్ వేళ్లు మాత్రం ఆగలేదు. పదకొండూ యాభైఎనిమిదికి నలభయ్యో ఫోటో వెళ్లింది.

ఐజమాల్ తలగుడ్డతో మొహమంతా కప్పేసుకుంది.

"ఇందాక ఏమన్నావు బాబూ," అన్నాడు తెమిర్‌బెక్ నెమ్మదిగా, "మావాడు ఎవరి పేరు పెట్టానన్నాడు? ఎవరి మాటకి తిరుగులేదని?"

బురుల్ ఎజె గబగబా టీ పోసి, రొట్టె తుంచి ఆయన ముందు పెట్టింది.

స్టాలు వచ్చింది. నుర్‌దిన్ కొండ దిగేసరికి పాస్‌వర్డ్ మారిపోయింది. ఇప్పుడది నిజంగానే మామగారి పేరు, కనక ఆ ఇంటి కోడలిని హాట్‌స్పాట్ అడిగినవాళ్లందరికీ పాస్‌వర్డ్ బదులు చాలా మర్యాదగా టీ దొరుకుతోంది.