ఆడుతూ పాడుతూ పదమూడు గంటలు

గొడుగుల కర్మాగారంలో న్యాయం మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. వారానికి నలభై ఎనిమిది గంటలు దాటిన ప్రతి గంటకూ అక్కడ రెట్టింపు కూలి ఇస్తారు. దాటిందో లేదో గంటల గుమాస్తా తేలుస్తాడు.

ఆ గుమాస్తా నికార్సయిన మనిషి. అంకె తప్పితే అన్నం సహించదు. ఆయన భార్య అక్కడే గొడుగు గుడ్డలు కుడుతుంది. వానాకాలం ఆర్డరు మీద పడడంతో ఆ వారం అరవై ఒక్క గంటలు కుట్టింది. నలభై ఎనిమిది పోను పదమూడు. ఆ డబ్బుతో కూతురికి కళ్ళజోడు కొనాలని మొగుడూ పెళ్ళాం అనుకున్నారు. పిల్లకు బడిలో నల్లబల్ల మీద అక్షరాలు ఆనడం లేదు.

శనివారం మేనేజరుగారు కుట్టుగదికి స్వయంగా వేంచేశారు. "ఇంత పని ఇంత తొందరగానా! ఎంత కష్టపడ్డారో కదమ్మా!" అన్నారు. పెద్దాయన అంత ప్రేమగా అడిగితే కష్టాలు ఏకరువు పెట్టడం బాగుంటుందా? నడుం పట్టేసి నిలబడలేకపోతున్నా గుమాస్తా భార్య నవ్వి, "కష్టమేముంది సార్, ఆడుతూ పాడుతూ చేసేశాం" అంది.

మేనేజరుగారు ఆ మాట డైరీలో రాసుకున్నారు. సోమవారం సర్క్యులరు వెలువడింది: "కార్మికులు స్వయముగా అంగీకరించిన ప్రకారము గతవారపు అదనపు గంటలయందు ఆటయు పాటయు జరిగినవి. అవి వినోదము క్రిందికి వచ్చును. వినోదమునకు ఓవర్‌టైము చెల్లదు. హాలు అద్దెను, దీపముల ఖర్చును యాజమాన్యము దయతో మాఫీ చేసినది." ఈ రోజుల్లో ఇంతటి దయ ఎవరికుంటుంది చెప్పండి! కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

అది మాటవరసకు అన్న మాట అని చెప్పేద్దామని గుమాస్తా లేచాడు. మేనేజరుగారు తలెత్తి చూశారు. "కిటికీ వెయ్యమంటారా సార్?" అని అడిగి, వేసి, వచ్చి కూర్చున్నాడు. భార్య పేరు ఎదుట సున్నా గుండ్రంగా చుట్టాడు.

ఇంట్లో భార్య నిలదీసింది. "ఏమయ్యా, నేను కుట్టడం నువ్వు చూళ్ళేదా?"

"చూశాను. కానీ నలుగురిలో ఆ మాటన్నది నువ్వేగా?"

"అంటే మిషను ముందు గంతులేశాననా?"

గుమాస్తా దగ్గర దానికి రికార్డు లేదు.

మరుసటి వారం మళ్ళీ పన్నెండు గంటలు అదనంగా కుట్టారు. మళ్ళీ మేనేజరుగారు పలకరించారు. ఆమె ఈసారి నవ్వలేదు. "చచ్చీ చెడీ చేశాం సార్" అని గట్టిగా చెప్పింది. సోమవారం ఇంకో సర్క్యులరు: "మృతులకు ఓవర్‌టైము చెల్లదు. వారసులు మరణ ధ్రువీకరణ పత్రముతో దరఖాస్తు చేసుకొనవచ్చును."

గుమాస్తా ఆ కాగితం పట్టుకుని ఉత్సాహంగా ఇంటికొచ్చాడు. "చూశావా, ఇవ్వం అనలేదు! దరఖాస్తు పెట్టుకోమన్నారు!"

కూతురు కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని కూడబలుక్కుంటూ చదివింది. "నాన్నా, అమ్మ చచ్చిపోయిందని రాశారేంటి?"

గుమాస్తా ముఖం వెలిగిపోయింది. "ఎంత చిన్న అక్షరాలు చదివేసిందో! దీనికింక కళ్ళజోడెందుకు?"

ఆ మాట వినడానికి తల్లి అక్కడ లేదు. వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఆ గంటలు ఏ ఇంట్లోనూ ఎవరూ లెక్కపెట్టరు గనుక మనమూ వదిలేద్దాం.