పన్నెండు టన్నుల కాపురం

ఇంటి సైజును బట్టి ఏసీ సైజు ఎంచుకోవాలని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. చెప్పులు కొంటున్నామా, పాదం కొలుచుకోవడానికి? ఏసీ అనేది మనిషి స్థాయిని బట్టి ఉండాలి. ఇల్లు చిన్నదైతే అది ఇంటి తప్పు!

ఈ మాట ఊరికే అనడం లేదు. హైటెక్ సిటీలో ఓ కంపెనీలో నాది కెపాసిటీ ప్లానింగ్ ఉద్యోగం. అంటే, పండగ సేల్ రోజు జనం ఒక్కసారిగా ఎగబడినా వెబ్‌సైట్ కూలిపోకుండా ఉండాలంటే ఎన్ని సర్వర్లు కావాలో ముందే లెక్క కట్టి చెప్పడం. మా వృత్తిలో ఒకటే సూత్రం. బాగా రద్దీగా ఉండే రోజు ఎంత కావాలో చూడు, దాని మీద ముప్పై శాతం కలుపు. పదిహేనేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న సూత్రం ఇంటికి మాత్రం పనికిరాకుండా పోతుందా?

మణికొండలో అద్దె ఫ్లాటు వదిలేసి గోపన్‌పల్లిలో సొంత విల్లాకి మారే ముందు, ఇల్లంతటికీ కలిపి సెంట్రల్ ఏసీ పెట్టించాలనుకున్నాం. అనుకున్నాం అన్నాను గానీ, అనుకున్నది నేనొక్కడినే. నా భార్య వాసంతి సంగీతం టీచరు. సాయంత్రాలు ఎనిమిది మంది పిల్లలకి హాల్లో కూర్చుని పాట నేర్పుతుంది. ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఏవండీ, పాడేటప్పుడు నాకు కిటికీలు తెరిచి ఉండాలండీ. హాలు మాత్రం వదిలేయండి."

నేను తల ఊపాను. తల ఊపడం వేరు, వినడం వేరని పెళ్ళయిన మగవాళ్ళకి నేను చెప్పాలా?

ఏసీ కాంట్రాక్టరు కొమురయ్య టేపు పట్టుకుని వచ్చాడు. గదులు కొలిచాడు. పడమటి వైపు అద్దాలు ఎన్ని, పైన స్లాబు మీద ఎండ ఎంతసేపు పడుతుంది, వంటగదికీ హాలుకీ మధ్య తలుపు ఉందా లేదా, అన్నీ అడిగి చిన్న నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఎంత వెనకబడిన పద్ధతి! చివరికి అడిగాడు.

"ఇంట్ల ఎంతమంది ఉంటరు సార్?"

"నూట ఇరవై," అన్నాను.

కొమురయ్య రాయడం ఆపి, ఇంట్లోకి తొంగి చూశాడు. మా అమ్మాయి రసజ్ఞ ఒక్కతే మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది.

గృహప్రవేశం రోజు నూట ఇరవై మంది వస్తారని, డిజైన్ ఎప్పుడూ పీక్ లోడ్‌కే చెయ్యాలని ఓపిగ్గా వివరించాను.

"గది ఒక్క దినమే కద సార్! తర్వాత ముగ్గురే ఉంటరు."

"ఒక్క రోజు సైటు కూలిపోతే నా ఉద్యోగం ఉంటుందా?"

"గిది సైటు కాదు సార్, ఇల్లు."

చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. అయినా అతను వదల్లేదు. ఈ ఇంటికి ఆరు టన్నులు మస్తయితయ్ అన్నాడు. "గంత పెద్దది పెడితే ఇల్లు జల్ది సల్లవడ్తది, మిషన్ బందయితది. గాలిల తేమ పోనే పోదు. ఒళ్ళంత జిగట జిగట ఉంటది. జర సోచాయించుండ్రి సార్." ఏసీ అమ్ముకునేవాడే చిన్నది కొనమంటే ఎవరికైనా అనుమానం రాదా? నాకు వచ్చింది.

నిర్ణయం మాత్రం మా పక్క విల్లా తిమ్మప్పగారి వల్ల జరిగింది. ఆయనది అనంతపురం. రియల్ ఎస్టేట్‌లో బాగా సంపాదించిన మనిషి. మా కమ్యూనిటీలో మగవాళ్ళు వాకింగ్ ట్రాక్ మీద ఎదురైతే ఆరోగ్యం అడగరు, టన్నులు అడుగుతారు. నేను నోరు జారి ఆరు అన్నాను.

"ఏమప్పా, ఆరేనా? మాది పదకొండు. ఇంటికొచ్చినోళ్ళు ఏమనుకుంటారప్పా?"

అంతే, పన్నెండు టన్నుల మిషన్ బిగించాం. హాల్లోనే నాలుగు గాలి రంధ్రాలు పెట్టించాను. హాలు వదిలేస్తే నూట ఇరవై మంది కూర్చునేదెక్కడ?

గృహప్రవేశం వైశాఖంలో వచ్చింది. నూట ఇరవై మందీ వచ్చారు. పురోహితుడుగారు హోమం దగ్గర కూర్చుని, గాలికి అగ్ని నిలవడం లేదు, ఏసీ కట్టేయమన్నారు. పొగ పోవడానికి తలుపులూ కిటికీలూ బార్లా తీశారు. భోజనాలు బయట షామియానాలో పెట్టారు. మిషన్ పుట్టింది ఏ రోజు కోసమో ఆ రోజు అది నిండా పది నిమిషాలు కూడా ఊపిరి పీల్చలేదు. అయితే ఏం? పన్నెండు టన్నులు ఉందన్న సంగతి నూట ఇరవై మందికీ తెలిసింది. నేనే చెప్పాను!

ఆ తర్వాత మొదలైంది అసలు వైభోగం. మిషన్ గుర్రుమని లేచి, నాలుగు నిమిషాల్లో ఇల్లంతా గడ్డకట్టించి, తన పని అయిపోయిందని పడుకుంటుంది. కాసేపటికి మళ్ళీ లేస్తుంది. మధ్యలో ఆ చల్లటి తడి అలాగే ఉంటుంది. దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి.

మే నెలలో వేడినీళ్ళ స్నానం చేసే భాగ్యం హైదరాబాద్‌లో ఎంతమందికి ఉంది? మాకుంది. కంపెనీ ఏటేటా ఇచ్చే హుడీలు బీరువాలో మూలిగేవి. ఇప్పుడు ముగ్గురం తలా ఒకటి వేసుకుని టిఫిన్ తింటున్నాం. చుట్టాలు వచ్చినా అరగంటకి మించి కూర్చోరు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగీ తాగకుండానే "మరి బయల్దేరతామండీ" అంటారు. అప్పడాలు వేయించి పళ్ళెంలో పెడితే, పప్పు వడ్డించేలోపు మెత్తబడిపోతాయి. పళ్ళు లేనివాళ్ళ మీద ఇంత దయ ఏ మిషన్ చూపిస్తుంది? ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టగానే నా కళ్ళజోడు మంచుపట్టి, ఎదురొచ్చే తిమ్మప్పగారి మొహం కనబడదు. కొన్నిసార్లు అదీ మేలే.

ఇంత సుఖంలో ఒక్క చిన్న ఇబ్బంది వచ్చింది. వాసంతి గొంతు పోయింది.

మొదట బొంగురుపోయింది. తర్వాత పైస్థాయి అందడం మానేసింది. మిషన్ లేచినప్పుడల్లా గొంతు బిగుసుకుపోతోందంది. కట్టేస్తే గాలి ఆడటం లేదంది. కిటికీలు తీద్దామంటే, అవి తెరుచుకోకుండా గృహప్రవేశం అయిన మర్నాడే నేను అద్దాలు సీలు వేయించేశాను. చల్లదనం లీకవుతుందని! డాక్టరు చూసి నెల రోజులు ఈ చలిలో పాడొద్దన్నాడు. నేను మాత్రం ధైర్యం చెప్పాను. "టెంపరేచర్ ఇరవై ఎనిమిది పెట్టుకో, అలవాటైపోతుంది" అన్నాను. ఇంటి యజమాని అన్నాక ఏదో ఒక పరిష్కారం చెప్పాలి కదా?

వాసంతి బట్టలు సర్దుకుని బాచుపల్లిలో చెల్లెలు ఉమాశ్రీ ఇంటికి వెళ్ళింది. సెలవులయ్యాక రసజ్ఞ స్కూలు కూడా అక్కడికి దగ్గరని పిల్లనీ తీసుకెళ్ళింది. పాట పిల్లలు ఇప్పుడు అక్కడికే వెళుతున్నారు. ఉమాశ్రీ వాళ్ళది రెండు గదుల ఫ్లాటు. ఓ సీలింగ్ ఫ్యాను, రెండు పెద్ద కిటికీలు. అంతే.

వారం క్రితం, సాయంత్రం పూట ఫోన్ చేశాను. రసజ్ఞ ఎత్తి, "అమ్మ క్లాసులో ఉంది నాన్నా" అని ఫోన్ అలాగే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వెనకనుంచి వాసంతి పాట వినబడింది. గొంతు తిరిగొచ్చింది. కిందనుంచి ఆటో హారన్లు, కూరగాయల బండివాడి కేకలు, వాటి మధ్యలో ఆవిడ పైస్థాయిలో నిలబడి పాడుతోంది. నేను ఆ ఫోన్ పెట్టలేకపోయాను. పన్నెండు టన్నుల చలిలో హుడీ వేసుకుని క్లాసు అయ్యేదాకా విన్నాను. పాటని నా ఇంట్లోంచి వెళ్ళగొట్టింది నేనే కదా అని ఏడుపొచ్చింది. కళ్ళజోడు మీద నెపం వేద్దామంటే, ఇంట్లో చూసేవాళ్ళు కూడా లేరు.

క్లాసు అయ్యాక వాసంతి ఫోన్ అందుకుంది. "ఆ మిషన్ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను రానండీ" అంది. కోపంగా కాదు, మామూలుగా చెప్పింది. కోపంగా అని ఉంటే ఏదో సర్దిచెప్పేవాణ్ణి.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇంతసేపూ పన్నెండు టన్నుల ఏసీ గొప్పదనం మీకెందుకు చెప్పానో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అమ్మకానికి ఉంది! ఒక్క వేసవి కూడా పూర్తిగా వాడనిది. బేరం మీ ఇష్టం, నేను నోరెత్తను. శనివారం లోగా ఎత్తుకుపోవాలి. ఆదివారం పొద్దున్నే నేను కారేసుకుని బాచుపల్లి వెళ్ళాలి.

షరతు ఒక్కటే. కొనడానికి వచ్చే ముందు మీ ఇంట్లోవాళ్ళని అడిగి రండి. వాళ్ళు చెప్పేది తల ఊపకుండా వినండి.