మేస్త్రి గొంతుకే తెరుచుకునే తాళం

ఆ రోజు తాళాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు తనిఖీ అధికారికి కొత్త తాళం చూపించాలి. పదిన్నరకు సంతకం పెట్టించుకోవాలి. పదకొండు గంటల నౌకలో భార్యతో కలిసి పక్క గ్రహంలోని మరదలి ఇంటికి వెళ్లాలి. ఆ ప్రయాణం ఇప్పటికే మూడుసార్లు వాయిదా పడింది. "ఈసారీ ఎగ్గొడితే నేనొక్కదాన్నే వెళ్తాను. తిరిగెప్పుడొస్తానో చెప్పను," అనేసి భార్య పెట్టెతో సహా రేవుకు ముందే వెళ్లి కూర్చుంది.

అంతరిక్ష కేంద్రంలోని ఖజానా గదికి అతను బిగించిన ఆ తాళానికి చెవి లేదు. మేస్త్రి గొంతే దాని చెవి. ఏడాదిపాటు ఇంట్లో వంటగది గోడకు తగిలించి, రోజూ భార్యతో తను మాట్లాడే మాటలు వినిపించి మరీ నేర్పించాడు. వేరే గొంతు వినబడితే అది ఇంకా బిగుసుకుంటుంది. ఇది నెగ్గకపోతే వర్క్‌షాపు మూసుకోవలసిందే.

అధికారి అనుమానపు మనిషి. "నేను లోపలుంటాను. మీరు మూసి తెరవండి," అన్నాడు. మేస్త్రి మూశాడు. ఛాతీ విరుచుకుని, "తెరుచుకో," అని ఆజ్ఞాపించాడు.

"మీరెవరు?" అంది తాళం.

"నేనే. నిన్ను చేసినవాణ్ణి."

"ఆయన గొంతు నాకు తెలుసు. ఇది కాదు," అంటూ రెండో గడియ వేసుకుంది.

మేస్త్రికి ఒళ్లు మండింది. గదమాయించాడు. సైరన్లు మోగాయి. బల్ల గుద్ది అరిచాడు. దొంగ వచ్చాడని తాళం తేల్చుకుని, వాడు పారిపోకుండా రేవులో ఉన్న నౌకల తలుపులన్నీ బిగించేసింది. లోపల అధికారి, తాళాన్ని పరీక్షించడానికి వెంట తెచ్చుకున్న ఇనుము కోసే మిషన్‌తో గంటసేపు కుస్తీ పట్టి దాని బ్లేడు విరగ్గొట్టుకున్నాడు. వర్క్‌షాపు పోయినట్టేనని మేస్త్రి నేలమీద చతికిలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు భార్య వచ్చింది.

"పదకొండు దాటింది. నౌక కదలట్లేదు. తలుపులు ఎవరో మూసేశారట. ఎవరండీ ఆ మహానుభావుడు?"

ఆమె అరవలేదు. అందుకే మేస్త్రి మరీ మెల్లగా నసిగాడు. "అది... నేను కావాలని కాదే... నువ్వు కాస్త కూర్చుంటే మొత్తం చెప్తాను..."

టకటకా గడియలన్నీ ఊడిపోయాయి.

"మేస్త్రిగారూ, వచ్చారా," అంది తాళం ఆప్యాయంగా. "ఇంతసేపూ ఎవడో మీరేనని చెప్పుకుంటూ నన్ను తెగ కసిరాడండీ."

మేస్త్రి తల దించుకున్నాడు. చెమటలు కక్కుతూ బయటికొచ్చిన అధికారి ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు, తాళంతో కలిపి.

"బయట అరుపులకు లొంగలేదు, లోపల నా మిషన్‌కూ లొంగలేదు. ఇంతకంటే ఏం కావాలి," అని, మేస్త్రి భార్య వైపు తిరిగాడు. "అమ్మా, మీరు రోజూ పదింటికి ఒక్కసారి ఇటు రాగలరా?"

"మా చెల్లెలి దగ్గరికి వెళ్లొచ్చాక ఆలోచిస్తాను," అంది ఆమె. తలుపులు తెరుచుకుని బయల్దేరబోతున్న నౌకను అధికారి వెంటనే వాళ్లకోసం ఆపించాడు.

ఒప్పందంలో 'తాళంచెవి భద్రపరచువారు' అన్నచోట ఆమె సంతకం చేసింది. మేస్త్రి సాక్షి సంతకం చేశాడు.