ఆసుపత్రి వసారాకి ఒక డిగ్రీ

ఒక పెద్ద అడవిలో, వాగు ఒళ్ళు విరుచుకుని మలుపు తిరిగే చోట, ఎలుగుబంటి డాక్టరు గారి ఆసుపత్రి ఉండేది. దాని వసారాలో రోగుల్ని కూర్చోబెట్టే పని నీలవేణి అనే ఉడుతది.

కూర్చోబెట్టడమేగా అనుకునేరు! ఆసుపత్రి గడప తొక్కాక ఎవరూ ఎవర్నీ వేటాడకూడదన్న కట్టుబాటు ఉన్నమాట నిజమే. కానీ ఆకలికి కట్టుబాట్లు తెలుస్తాయా? అందుకే నీలవేణి పులిని ఏనుగు పక్కన కూర్చోబెట్టేది. మొసలిని గోడవైపు తిప్పి పడుకోబెట్టేది. కుందేళ్ళకి గుమ్మం దగ్గర చోటు. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వచ్చిన కోరలవాళ్ళని అందరికంటే ముందు లోపలికి పంపేది. ఎనిమిదేళ్ళలో ఆ వసారాలో ఒక్క తోక కూడా తెగలేదు.

ఇలా ఉండగా సింహం గారి సభ ఒక ఆజ్ఞ వేసింది. ఆసుపత్రి నిర్వహణ చూసేవాళ్ళకి ఇకమీదట డిగ్రీ ఉండి తీరాలట. సింహం గారి పిల్లలకి ట్యూషన్ చెప్పే కొంగ గారు ఆ డిగ్రీ కోసం కాలేజీ తెరిచి అప్పటికి సరిగ్గా వారం.

"డిగ్రీ లేకపోతే నన్ను తీసేస్తారటండీ," అంది నీలవేణి కళ్ళనిండా నీళ్ళతో. ఆ వసారా తప్ప దానికి వేరే లోకం లేదు.

"వెళ్ళి చదువుకో అమ్మాయ్. నా డిగ్రీ ఎక్కడని ఇంకా ఎవరూ అడగలేదు. నువ్వు గొడవచేసి వాళ్ళకి గుర్తు చెయ్యకు," అన్నాడు డాక్టరు.

ఏడుస్తూ వెళ్ళిందే గానీ, కాలేజీ గుమ్మానికి అల్లుకున్న పూలతీగ చూడగానే నీలవేణి మనసు మబ్బుల్లో తేలింది. చుట్టచుట్టిన కాగితం, దానికి ఎర్రదారం, మీద తన పేరు... పాఠం వింటున్నా అదే కల.

కొంగ గారు ఒంటికాలి మీద నిలబడి మూడో అధ్యాయం చెప్పారు. "రోగులందరూ సమానం. టోకెను వరుసే సీటు వరుస. రాసుకోండి."

"సార్, మేక తర్వాతి టోకెను పులిదైతే?" అంది నీలవేణి.

"అది నాలుగో అధ్యాయం."

"నాలుగోది ఎప్పుడు చెబుతారు సార్?"

"సిలబస్‌లో లేదు. కూర్చో."

వెనక బెంచీ రామచిలుక కిసుక్కున నవ్వింది. "సార్ చెప్పింది చెప్పినట్టు రాసుకోక ఈ తిప్పలన్నీ నీకెందుకే?"

ఏడాది గడిచింది. డిగ్రీ చేతికొచ్చిన రోజు నీలవేణి ఆ కాగితాన్ని చెంపకి ఆనించుకుని ఇల్లు చేరింది. ఇంత అందమైన కాగితం అబద్ధం చెబుతుందా? మర్నాడే రోగుల్ని టోకెను వరుసలో కూర్చోబెట్టింది.

"ఏడో నంబరు!" అని పిలిచింది. ఏడో నంబరు కుందేలు పలకలేదు. ఎనిమిదో నంబరు నక్క మాత్రం మూతి తుడుచుకుంటూ లేచింది.

"నాకు నయమైపోయిందమ్మా. నీ చదువు చల్లగుండ!"

రోగులు ఎదురుచూసే సమయం బాగా తగ్గిందని సభ మురిసిపోయి కొంగ గారికి శాలువా కప్పింది. నీలవేణి ఆ రోజంతా ఒక్క గింజ ముట్టలేదు. మర్నాటి నుంచి టోకెన్లు వరుసగానే రాసింది, సీట్లు మాత్రం తన పాత పద్ధతిలో వేసింది.

నెల తిరక్కుండా కొంగ గారే వచ్చారు, గొంతులో చేపముల్లుతో. ఆయన టోకెను పదమూడు. పద్నాలుగోది పంటినొప్పి మొసలి. కొంగ గారికి మాట పెగల్లేదు గానీ కళ్ళు దండం పెట్టాయి. ఆయన కళ్ళముందే వరుస తప్పిస్తే తన డిగ్రీకే ముప్పని నీలవేణికి తెలుసు. అయినా ఆయన్ని తీసుకెళ్ళి ఏనుగు వెనకాల కూర్చోబెట్టింది.

డాక్టరు ముల్లు తీశాడు. గొంతు పెగలగానే కొంగ గారి నోట వచ్చిన మొదటి మాట: "టోకెను వరుస తప్పావు. నీ డిగ్రీ రద్దు."

"సార్, మీ ప్రాణం పోయేది కదండీ!"

"ప్రాణం సంగతి పరీక్షలో అడగరు. కాగితం ఇలా ఇయ్యి."

ఎర్రదారంతో సహా ఇచ్చేసింది. నీలవేణి సీట్లోకి బంగారు పతకం రామచిలుక వచ్చింది.

గొంతులో గాయం మానిందో లేదో చూపించుకోవడానికి శుక్రవారం కొంగ గారు మళ్ళీ వచ్చారు. మళ్ళీ పదమూడే, పద్నాలుగు మళ్ళీ ఆ మొసలిదే. వసారా బయట మద్దిచెట్టు కొమ్మ మీంచి నీలవేణి చూస్తూనే ఉంది. చిలుక ఆయన్ని తిన్నగా మొసలి పక్కకి నడిపించింది.

"ఏమే చిలకా, నన్ను ఆ ఏనుగు దగ్గర కూర్చోబెట్టకూడదూ?" అన్నారు కొంగ గారు గొంతు తగ్గించి.

"మూడో అధ్యాయం సార్! రోగులందరూ సమానం!" వసారా మారుమోగేలా అప్పజెప్పింది చిలుక.

సభ పంపిన తనిఖీ తోడేలు తలెత్తి చూసింది. సొంత పాఠానికి తానే భయపడి లేచిపోతే కాలేజీ పరువేం కాను? కొంగ గారు కూర్చున్నారు.

నీలవేణి ఉండబట్టలేకపోయింది. "సార్, లేవండి! అది పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, దాని చూపు చూడండి!"

"డిగ్రీ లేనివాళ్ళు వసారా విషయాల్లో మాట్లాడకూడదు," అన్నారు కొంగ గారు శాలువా సర్దుకుంటూ.

కాసేపటికి, "పదమూడో నంబరు!" అని పిలిచింది చిలుక.

మొసలి దగ్గింది. ఒక తెల్లటి ఈక గాల్లోకి తేలింది.

"ఎదురుచూపు అసలే లేదు. భేష్," అని రాసుకుంది తోడేలు.

నీతి: చదువు కడుపు నింపుతుందన్నమాట నిజమే, ఎవరి కడుపో మాత్రం డిగ్రీ కాగితం మీద రాయరు.