వేపచెట్టు మీద పాలపిట్ట

2011 అక్టోబర్ 6, దసరా. ఉదయం ఎనిమిది గంటలకు జనగామలో రాంచందర్ నీటి రంగులతో పాలపిట్టను గీయడం మొదలుపెట్టాడు. అంతకు ముందు అతను ఏ బొమ్మా గీయలేదు.

కారణం అతని తల్లి లచ్చవ్వ. దసరా నాడు పాలపిట్ట కనబడందే ఆమె మెతుకు ముట్టదు. ఏటా రాంచందర్ ఆమెను బస్సులో నర్మెట్ట తీసుకుపోయి, చేన్ల దగ్గర పిట్టను చూపించి తెచ్చేవాడు. ఈసారి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు లేవు. గుమాస్తా అయిన రాంచందర్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. పైగా లచ్చవ్వ కాలికి సిమెంటు కట్టు. మంచం దిగొద్దని దవాఖానలో చెప్పారు. ఆమెకు షుగర్ ఉంది. తినకుండా గోలి వేసుకోకూడదు, గోలి మానకూడదు.

"ఒక్కపొద్దు నాకు కొత్తనా బిడ్డా? పిట్ట కనవడ్డంక తింట," అంది లచ్చవ్వ.

ఆమె కిటికీ ఎదుట వేపచెట్టు ఉంది. ఆమె చూపు మందగించింది. పిట్టను గీసి, కత్తిరించి, కొమ్మకు కట్టి చూపిస్తే సరిపోతుందని రాంచందర్ లెక్క.

కూతురు హాస్టల్‌కు పోతూ వదిలేసిన రంగుల పెట్టె దొరికింది. తడి కుంచె రెక్క మీద పెట్టగానే నీలం దానంతట అదే పాకింది. రాంచందర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చాయ్ చల్లారిపోయింది.

"రుక్మిణీ, జర ఇటు రా. రెక్క వచ్చింది."

భార్య వచ్చి చూసింది. "తోక గింత పొడుగేంది?"

"అది తోక గాదు. కారింది."

"మరి మెడ?"

"అది గూడ కారిందే."

రెండో పిట్టకు కాగితం ఉబ్బింది. మూడో పిట్ట కుదిరింది గానీ నీలం అయిపోయింది. దుకాణాలు బంద్. గోడ అవతలి నబీసాబ్ పంక్చర్లు వేస్తాడు. బట్టలకు పెట్టే నీలిమందు సీసా ఇంట్లోంచి తెచ్చి ఇచ్చాడు.

"జర తక్కువ పోయి భాయ్."

"తక్కువ పోస్తే అవ్వకు కనవడది," అని రాంచందర్ సగం సీసా రెక్కల మీద ఒంపాడు. ఆరేదాకా ఆగమంది రుక్మిణి. గోలి వేళ దాటుతోంది. అతను తడి మీదనే కత్తిరించి, అట్టకు అంటించి, చెట్టెక్కి కట్టాడు.

అతను దిగేలోపే పక్క మేడ మీద బట్టలారేస్తున్న శకుంతల చూసింది. చేతిలో చీర వదిలేసి దండం పెట్టింది.

"ఓ వదినా, పాలపిట్ట. రాంచందరన్న చెట్టు మీద."

ఆ ఏడాది వాడలో ఎవరూ చేన్లకు పోలేకపోయారు. అందరూ చెట్టు కిందికి వచ్చారు, మంచం మీది లచ్చవ్వకు వాళ్ల వీపులే కనబడ్డాయి. చూసినవాళ్లు ఒకరినొకరు హత్తుకుని అలాయ్ బలాయ్ ఇచ్చుకున్నారు. అది కాగితమని చెప్పడానికి రాంచందర్ నోరు తెరిచాడు. కిటికీ తెరిచి ఉంది, లచ్చవ్వ వింటుంది. నోరు మూసుకున్నాడు.

"ఎంతసేపాయె, ఎగురుతలేదేంది?" అంది శకుంతల.

"అది గూడ సమ్మెల ఉన్నదక్కా," అన్నాడు నబీసాబ్.

వెనక ఎవరో జై తెలంగాణ అన్నారు. మిగతావాళ్లు అందుకున్నారు. అది విని చౌరస్తాలోని సమ్మె శిబిరం వాళ్లు జెండాలతో వచ్చారు. జెండాల వెనక పోలీసు జీపు వచ్చింది. వచ్చి లచ్చవ్వ కిటికీకి అడ్డంగా ఆగింది.

"నాకేం కనవడ్తలేదురా," అంది లోపలి నుంచి లచ్చవ్వ.

రుక్మిణి గడపలోకి వచ్చింది. "కండ్లు తిరుగుతున్నయంటున్నది. జల్ది ఏదన్న చెయ్."

ఎస్సై జీపు దిగాడు. "ఎవరిదీ మీటింగు? పర్మిషన్ ఏది?"

"మీటింగు గాదు సార్," అన్నాడు నబీసాబ్. "పాలపిట్ట."

ఎస్సై తల ఎత్తాడు. టోపీ తీసి చెట్టు కిందికి వచ్చి దండం పెట్టాడు. "మాది మరిపెడ. ఈసారి లీవు దొరకలే. గీడ కనవడ్డది."

"సార్, జర జీపు జరపుండ్రి. మా అవ్వ చూడాలె," అన్నాడు రాంచందర్.

"ఆగు. ఇంజన్ సప్పుడుకు ఎగిరిపోతది."

"పోదు సార్."

"పోదని నీకెట్ల ఎరుక?"

ఎస్సై చెంప మీద ఒక చుక్క పడింది. తర్వాత భుజం మీద. తుడుచుకుంటే చెయ్యి నీలమైంది.

"ఇదేంది?"

"నేనే గీసిన సార్."

జనం తలలెత్తి పిట్టను మళ్లీ చూశారు.

"అన్నా, నేను మహబూబాబాద్ దాక ఫోన్లు చేసి చెప్పిన," అంది శకుంతల.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. వెనకవాళ్లు ముందుకు తోశారు. ఎస్సై ఈల ఊదాడు, జీపు తీయమని డ్రైవర్‌కు చెప్పాడు. ఆ ఈలకు నబీసాబ్ ఇంటి రేకుల మీది నుంచి ఏదో లేచింది. అప్పుడు అందరూ ఎస్సై వైపు చూస్తున్నారు.

"రుక్మిణీ, అన్నం వెట్టు," అంది లచ్చవ్వ.

రాంచందర్ లోపలికి పరుగెత్తాడు. ఎస్సై వెంట పోయాడు.

"ఏం చూసినవవ్వా?"

"పాలపిట్టను. కిటికీ సువ్వలకు తాకి మళ్ల పోయింది. కూరేంది?"

కిటికీ గట్టు మీద ఒక ఈక ఉంది. ఎస్సై దాన్ని రెండో చేతి తడి వేలితో రుద్దాడు. వేలికి రంగు అంటలేదు.

"అసలుదే," అన్నాడు.

"మరి మా సంగతేంది?" అంది బయటి నుంచి శకుంతల. "మేం చూసింది కాగితమేనాయె."

నబీసాబ్ గడ్డం గోక్కున్నాడు. "రంజాన్ చాంద్, గా నెలవంక, అందరికి కనవడ్తదా? నమ్మదగ్గోళ్లు ఒకలిద్దరు చూసినమంటే ఊరంత పండుగ జేసుకుంటం. చూసినామెను చూడుండ్రి, అయిపాయె."

కిటికీ ముందు లైన్ కట్టారు. ఎస్సై మొదట నిలబడ్డాడు. లచ్చవ్వ అన్నం తిని గోలి వేసుకుంది. కిటికీ మూయమంది. మూయలేదు. లైన్ సాయంత్రం దాకా ఉంది. చివర రాంచందర్ నిలబడ్డాడు.