ఎలీయాజరు పట్టిన చేప

ఆ ఉదయం హైమావతి టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగో తరగతి పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఇంట్లో తమకు ఇష్టమైన మనిషి గురించి నాలుగు వాక్యాలు చెప్పాలి. ఆ మాటల్ని ఆమె ఫోనుకు వినిపిస్తే, ఉచితంగా బొమ్మలు చేసిపెట్టే సైటు ఒకటి బొమ్మ తయారుచేస్తుంది. అంతే.

జూన్ నుంచి నోరు విప్పని పెర్సిస్ ఆ రోజు లేచింది. చేపల చెరువుకు కాపలా ఉండే తాత ఎలీయాజరు గురించి నాలుగు కాదు, ఏడు వాక్యాలు చెప్పింది. టీచరు ఆయన ఫొటో కూడా జతచేసింది. సైటు ముసలాయన చేతుల్లో ఆయనంత బొచ్చె చేపను పెట్టింది. పిల్ల మాట్లాడిందన్న సంబరంలో హైమావతి ఆ బొమ్మను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. కింద ‘ఇది ఫోను గీసిన బొమ్మ’ అని ఒక్క ముక్క రాసినా బాగుండేది.

కొల్లేటి ఊళ్లలో చేప ఫొటోకు కాళ్లొస్తాయి. ఇంటర్వెల్ గంట కొట్టకముందే కైకలూరు నుంచి మేతల షాపు మాణిక్యం వచ్చి, ఏ మేత వేశారని అడిగాడు. వెనకే ఐసు ఫ్యాక్టరీ ఆయన, ఇద్దరు చేపల వ్యాపారులు. అది ఫోను గీసిన బొమ్మ అని టీచరు ఎంత చెప్పినా, మేత గుట్టు దాస్తున్నారనుకుని బెంచీల మీద తిష్ట వేశారు.

చివరికి చెరువు యజమాని దత్తసాయి, ఎలీయాజరును బండి వెనక ఎక్కించుకుని దిగాడు. అంత చేప పడితే తనకెందుకు చెప్పలేదో తేలాలన్నాడు. తేలకపోతే రేపటి నుంచి కాపలాకు వేరే మనిషి. పదిహేనేళ్లుగా ఆ గట్టు మీదే బతుకుతున్న ముసలాయన తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు. తన సంబరం ఒకరి నోటి దగ్గర కూడు తీసేస్తోందని హైమావతికి ఏడుపొచ్చింది.

అప్పుడు పెర్సిస్ దత్తసాయి ముందుకొచ్చి నిలబడింది.

"చేప లేదండీ. మా తాతని ఎవరూ గొప్పగా చూడరండీ. అందుకని నేనే పెద్ద చేప చెప్పానండీ."

ఆ పిల్ల టీచరు ఫోను తీసుకుని, దత్తసాయిని చూస్తూ ఆయన తెల్లచొక్కా, కళ్లజోడు, లారీ అంత చేప అని చెప్పింది. అర నిమిషంలో బొమ్మ వచ్చింది. దత్తసాయి దాన్ని చాలాసేపు చూశాడు. కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియదు.

"మీ తాతని కూడా నా పక్కన నిలబెట్టమ్మా," అన్నాడు. "అంత చేప నేనొక్కణ్ణే మొయ్యలేను."

ఎలీయాజరు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. మాణిక్యం తన వంతు ఎప్పుడని అడిగాడు. మధ్యాహ్నం దాకా పెర్సిస్ మాట్లాడుతూనే ఉంది.

ఆ పూట నాలుగో తరగతిలో ఇరవై నలుగురు కూర్చున్నారు. రిజిస్టరులో ఉన్నది పద్దెనిమిది మందే.