కేలబ్ గారి నూట ముప్పై ఏడో పుట్టినరోజు

శనివారం ఉదయం కాఫీ తాగి ఒక్క తప్పు దిద్దాలన్నదే దక్షిణామూర్తి సంకల్పం. హైదరాబాదులో సబ్ రిజిస్ట్రారుగా రిటైరై, కెనడాలోని ఎటోబికోలో కూతురు వైదేహి దగ్గర ఉంటున్న ఆయనకు తప్పుడు రికార్డు కనబడితే మనసు మనసులో ఉండదు.

ఆ తప్పు పక్కింటి సరఫీనా వంశానిది. ఎనభై దాటిన ఆవిడ తాను జిప్సీనని గర్వంగా చెప్పుకుంటుంది. ఆమె పూర్వీకులు ఇంగ్లండులో గుర్రపు బళ్ళ మీద ఊరూరా తిరిగి, ఓడెక్కి కెనడా వచ్చారు. ఏ ఊరి గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా వాళ్ళ పేర్లు రాసుకున్నాడు. ఇప్పుడు ఆ వంశస్థులంతా తలా ఒక ముక్క తెచ్చి ఒక వెబ్‌సైటులో వంశవృక్షం కడుతున్నారు. అందులో సరఫీనా తాత తమ్ముడు కేలబ్ పసితనంలోనే పోయాడని ఉంది.

"పోలేదు. గుర్రం విషయంలో అన్నతో పోట్లాడి పడమటికి వెళ్ళిపోయాడు. మా తాత చివరిదాకా ఆ దారివైపే చూస్తూ కూర్చునేవాడు," అంది సరఫీనా. అంటున్నంతసేపూ ఆమె కళ్ళు వీధి చివరి సరస్సు మీది పొగమంచులో ఏదో బండిని వెతుకుతున్నట్టున్నాయి.

ఆమె తరఫున దక్షిణామూర్తి ఆ వెబ్‌సైటులో కేలబ్ మరణ తేదీ తీసేశాడు. వివరాలు తెలిసినవాళ్ళు చెబుతారని తన ఫోన్ నంబరూ, ఇంటి అడ్రసూ ఆ పేజీలో పెట్టాడు.

మరణ తేదీ లేనివాడు బతికున్నట్టే లెక్క అనుకుంది వెబ్‌సైటు. పైగా ఆ రోజు కేలబ్ పుట్టినరోజు. మీ బంధువుకు నేటితో నూట ముప్పై ఏడేళ్ళు, శుభాకాంక్షలు చెప్పండంటూ ఆ నంబరుతో సహా నలభై మందికి మెయిళ్ళు పంపింది.

గంటలో మొదటి ఫోన్ వచ్చింది. పెద్దాయన ఎలా ఉన్నారని ఎవరో ఇంగ్లీషులో అడిగారు. తన గురించే అనుకున్న దక్షిణామూర్తి బీపీ కంట్రోల్లోనే ఉందనీ, మోకాళ్ళు కాస్త సలుపుతున్నాయనీ, పళ్ళు మాత్రం సొంతవేననీ చెప్పాడు. ఆ పళ్ళ సంగతి ఫేస్‌బుక్‌లో జిప్సీ కుటుంబాల గ్రూపులన్నీ తిరిగింది. మధ్యాహ్నానికి వాకిట్లో మూడు పూలగుత్తులు, ఒక కేకు, లోకల్ పేపరు విలేకరి.

"ఏం చేశారు నాన్నా?" అంది వైదేహి.

"డేట్ డిలీట్ చేశానమ్మా. అంతే."

"అంటే మనిషిని బతికించారు. ఇప్పుడు ఆయన్ని చూపించమంటున్నారు. ఏం చెప్పను?"

"రెస్ట్ తీసుకుంటున్నారని చెప్పు. అబద్ధం కాదుగా."

విలేకరి అది కూడా రాసుకుంటుండగా ఒక పాత వ్యాను వచ్చి ఆగింది. హామిల్టన్ నుంచి వచ్చిన రోడా అనే పెద్దావిడ దిగింది. కోపంగా చేతిలోని పాత ఫోటోను పైకెత్తి చూపించింది.

"మా తాత కేలబ్‌కి పడమట సస్కాచెవాన్‌లో నా చేత్తో మట్టి వేశాను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆయన పేరు పెట్టుకు తిరుగుతున్న దొంగ ఎవడు?"

దక్షిణామూర్తి నోరు తెరిచేలోగా, సందడికి బయటికొచ్చిన సరఫీనా ఆ ఫోటో అందుకుంది. గుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడ్డవాడిది అచ్చంగా తన తాత ముఖం. ఆవిడ మెట్టు మీద కూర్చుని, తన చిన్నప్పటి భాషలో "పానీ" అంది. రోడా చటుక్కున తలెత్తింది. ఆమె ఇంట్లోనూ నీళ్ళను అలాగే అనేవారు. ఈలోగా హైదరాబాదులో రోజూ విన్న మాటే కదా అని దక్షిణామూర్తి నీళ్ళ గ్లాసుతో వచ్చాడు. ఈయనకెలా తెలిసిందని ఇద్దరూ విస్తుపోయారు.

కేలబ్ కేకు తింటూ ముసలమ్మలిద్దరూ చెప్పిన పేర్లను వైదేహి ఒక్కొక్కటే ఎక్కించింది. పదకొండు మంది కొత్త బంధువులు, కేలబ్ అసలు మరణ తేదీ. తెర మీద చెట్టు కొమ్మలేస్తుంటే, దూరాన బళ్ళబారు ఒకటి మంచులోంచి మెల్లగా ఇటే వస్తున్నట్టు అనిపించింది సరఫీనాకు.

"మరి మీ వంశవృక్షం?" అని రోడా దక్షిణామూర్తిని అడిగింది. ఆయన ఉత్సాహంగా తన పేరు, తండ్రి పేరు, తాత పేరు కొట్టాడు.

"మీ తాత వాళ్ళ అమ్మ పేరేంటి నాన్నా?" అంది వైదేహి.

దక్షిణామూర్తి కళ్ళజోడు తుడుచుకుని, నెట్ స్లోగా ఉందన్నాడు.